ఫీలయ్యావా అత్తయ్యా?

గృహప్రవేశం పిలుపుల్లో ఉన్నప్పుడు ఒక తప్పు చేశాను. తెనాలిలో ఉండే మా మేనత్తకి వాట్సాప్‌లో శుభలేఖ పెట్టి ఊరుకున్నాను. హైదరాబాద్ నుంచి వెళ్లి పిలిచే తీరిక ఎక్కడుంది, ఆవిడ మన మనిషేగా, అర్థం చేసుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులకి అమ్మ ఫోన్ చేసి "అత్తయ్య నొచ్చుకుందిరా" అంది. వెంటనే అత్తయ్యకి ఫోన్ కలిపి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "ఫీలయ్యావా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఫీలవడం ఏముందిరా, మనసు చివుక్కుమంది అంతే. బొట్టు పెట్టి పిలవకపోయినా నువ్వొక్కసారి ఫోన్ చేస్తే సరిపోయేది" అంది.

నేను రోజుకి పదిసార్లు వాడే మాటని ఆవిడ అలా పక్కన పెట్టేసి, సరిగ్గా జరిగిందేమిటో చెప్పే ఇంకో మాట వేసింది. అప్పటినుంచీ ఈ ఫీల్ అనే మాట నన్ను వదలడం లేదు.

ఇంగ్లీషులో ఇది చాలా పాత మాట. మొదట్లో దాని అర్థం చేత్తో తాకి తెలుసుకోవడం. ఆ అర్థం ఇప్పటికీ పోలేదు, చీకట్లో గోడ తడుముతూ స్విచ్ వెతుక్కోవడానికీ, మణికట్టు పట్టుకుని నాడి చూడటానికీ వాళ్లు ఈ మాటే వాడతారు. చేతి నుంచి అది ఒంట్లోకీ మనసులోకీ పాకింది. "అయామ్ నాట్ ఫీలింగ్ వెల్" అంటే ఒంట్లో బాగోలేదని. "ఐ ఫీల్ లైక్ ఎ కాఫీ" అంటే కాఫీ తాగాలనుందని. "ఐ ఫీల్ ఫర్ యూ" అంటే నీ కష్టం చూస్తే నాకూ బాధగా ఉందని. "ఐ ఫీల్ వి షుడ్ వెయిట్" అంటే మాత్రం, కాస్త ఆగితే మంచిదని నా అభిప్రాయం, అందులో ఏడుపూ లేదు సంతోషమూ లేదు. గమనించాల్సింది ఏమిటంటే, ఇంగ్లీషు ఫీల్‌లో దానంతటదిగా దుఃఖం లేదు. పక్కన బ్యాడ్ అనో సాడ్ అనో చేరిస్తేనే దుఃఖం వస్తుంది, గుడ్ చేరిస్తే ఆనందం.

మన దగ్గరికి వచ్చేసరికి ఆ పక్కమాట ఊడిపోయింది. "వాడు ఫీలయ్యాడు" అంటే సంతోషంగానా బాధగానా అని తెలుగువాళ్లెవరూ అడగరు. బాధపడ్డాడు, అంతే. అదే "హీరోలా ఫీలవుతున్నాడు" అంటే తన గురించి తాను ఏదో ఊహించుకుంటున్నాడని, "పాటలో ఫీల్ ఉంది" అంటే గుండెకి తగిలిందని, "వాళ్లిద్దరి మధ్య ఫీలింగ్స్ ఉన్నాయి" అంటే వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ మనం సొంతంగా చేసుకున్న అర్థాలు, నాకు వాటి మీద గౌరవమే. కానీ వాటిని తిరిగి ఇంగ్లీషులో పెడితే ఇబ్బంది వస్తుంది. ఒకసారి ఆఫీసు కాల్‌లో మా టీమ్ కుర్రాడు, బయటి దేశంలో ఉన్న ఒకావిడ పనిలో తప్పు చూపించి, ఎంతో మర్యాదగా "ప్లీజ్ డోంట్ ఫీల్" అన్నాడు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నొచ్చుకోవద్దని వాడన్న మాట, అసలు ఏ స్పందనా లేకుండా ఉండు అన్నట్టు ఆవిడకి వినిపించి ఉంటుంది. తెలుగులో అదే మాట అయితే ఎంత తేలిగ్గా వచ్చేసేదో: ఏమీ అనుకోకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. ఇంగ్లీషువాళ్ల మాట చేతి స్పర్శలో మొదలైతే మన మాట నోట్లో మొదలైంది. అను అంటే పలకడం. అనుకోవడం అంటే తనలో తాను పలుక్కోవడం. అనిపించడం అంటే లోపలినుంచి ఏదో మన చేత ఆ మాట అనేలా చేయడం. "ఆగితే మంచిదని నాకనిపిస్తోంది" అన్నప్పుడు ఇంగ్లీషు ఫీల్ చేసే పనే చేస్తున్నాం, కాకపోతే దారి వేరు. "ఏమీ అనుకోకు" అంటే నేను చేసినదానికి నీలో నువ్వు ఏ చేదు మాటా పలుక్కోవద్దని వేడుకోవడం. తప్పు నాదని అందులోనే ఒప్పుకోలు ఉంది. "ఫీలవ్వకు" దాని స్థానంలోకి వచ్చింది కానీ ఆ ఒప్పుకోలు తీసుకురాలేదు. చాలాసార్లు అది ఎదుటివాళ్లది సున్నితత్వం ఎక్కువ అన్నట్టే వినిపిస్తుంది. నేను అత్తయ్యని అడిగిన ప్రశ్నలో కూడా అదే ఉంది. నేను ఏం చేశానన్నది వదిలేసి ఆవిడకి ఏమైందని అడిగాను.

ఇంకో బాధ కూడా ఉంది. నొచ్చుకోవడం, చిన్నబుచ్చుకోవడం, అలగడం, ఉడుక్కోవడం, బెంగపెట్టుకోవడం, ఇవన్నీ ఒకటి కాదు. అలిగిన మనిషిని బతిమాలాలి, ఉడుక్కున్న పిల్లాణ్ణి కాసేపు వదిలేయాలి, నలుగురిలో చిన్నబుచ్చుకున్న మనిషికి ఆ నలుగురిలోనే మర్యాద చేయాలి, బెంగపెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. ఫీలయ్యింది అన్న ఒక్క మాటతో ఊరుకుంటే వీటిలో ఏం చేయాలో మనకెలా తెలుస్తుంది? మనసు చివుక్కుమంది అని అత్తయ్య అనబట్టే నాకు తెలిసింది.

శనివారం రాత్రి నేనూ మా ఆవిడా తెనాలి రైలెక్కాం. పొద్దున్నే తలుపు తీసిన అత్తయ్య మమ్మల్ని చూసి ముందు ఏమీ అనలేదు. మా ఆవిడ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి బొట్టు పెడుతుంటే కళ్లు మూసుకుంది. తర్వాత మా ఆవిడ చీర కొంగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కాసేపు నలిపి చూసి, "మంగళగిరిదా? మెత్తగా ఉందే" అంది.

"ఏమీ అనుకోకు అత్తయ్యా, ముందే రావాల్సింది" అన్నాను.

"సరేలే, కాళ్లు కడుక్కుని రండి, ఇడ్లీ పెడతాను" అంది.