‘పెద్ద బ్యాటరీ పెట్టన్నా’ అని బయటి దేశాల నుంచి ఫోను చేసేవాళ్లకు

కావలిలో నేను వైరింగు, ఇన్వర్టర్ల పని చేస్తాను. అంతకు ముందు కువైట్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నాను. ఇప్పుడు నాకొచ్చే పనుల్లో ఎక్కువ భాగం, పిల్లలు బయట దేశాల్లో, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్లవే. ఫోను అక్కడి నుంచే వస్తుంది. "అన్నా, డబ్బు సంగతి చూడొద్దు, మంచి పెద్ద బ్యాటరీ పెట్టు. అమ్మ ఉక్కకు తట్టుకోలేకపోతా ఉంది" అంటారు. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మాటలో బాధ అర్థమవుతుంది. నేను మాత్రం ముందు వేరే సంగతి అడుగుతాను: మీ ఇంటి ఎర్త్ గుంత (కరెంటును నేలలోకి పంపే పైపు పాతిన గుంత) ఎక్కడుంది? న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) జాయింటు ఎవరైనా చూశారా?

ఎందుకు అడుగుతానో బిట్రగుంట వైపు ఒక ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది. కొడుకు దోహాలో. మేడ కట్టినప్పుడు పైన ఏసీలు పెట్టాలని త్రీఫేజ్ సర్వీసు తీసుకున్నారు. ఉండేది మాత్రం కింద పెద్దమ్మ ఒక్కతే. వాన పడిన రాత్రి ఫోను చేసింది. "నాయనా, లైట్లు పగలు మాదిరి వెలుగుతా ఉండాయి, ఫ్యాను ఆగకుండా మోత మోస్తా ఉంది, టీవీ కాడ కాలిన వాసన" అంది. "పెద్దమ్మా, ముందు మెయిన్ దించెయ్, ఇంకేం ముట్టుకోవద్దు" అన్నాను. వెళ్లి మీటరు పెట్టి చూస్తే ఒక ఫేజులో 120 వోల్టులు, ఇంకో దాంట్లో 320. సర్వీసు వైరు దగ్గర న్యూట్రల్ తెగింది. అల్యూమినియం తీగ మీద రాగి తీగ చుట్టి వదిలేసిన జాయింటది. సముద్రపు ఉప్పుగాలికి తెల్లటి పొడి పట్టి, వేలితో తాకితే రాలిపోయింది. స్తంభం మీది పని మనది కాదు కాబట్టి 1912కి ఫోను చేయించి లైన్‌మ్యాన్‌ని పిలిపించాం. నెల్లూరు జిల్లా తిరుపతి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కింద, ప్రకాశం విజయవాడ డిస్కం కింద ఉన్నాయి కానీ ఫిర్యాదుకు నంబరు ఇదే.

త్రీఫేజ్‌లో రెండు ఫేజుల మధ్య 400 వోల్టులకు పైన ఉంటుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మాత్రం 230. న్యూట్రల్ తెగితే ఆ 400 ఇంట్లో సామాన్ల మీదే పంచుకుపోతుంది, అదీ సమానంగా కాదు. లోడు ఎక్కువున్న ఫేజుకు వోల్టేజీ పడిపోతుంది, లోడు తక్కువున్న దానికి పెరుగుతుంది. పైఅంతస్తు తాళం వేసి, కింద ఒక ఫేజు మీద గీజరూ ఇంకో ఫేజు మీద టీవీ, నాలుగు లైట్లూ ఉన్న ఇంట్లో దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. పిల్లలు పెద్దగా కట్టించి, పెద్దవాళ్లు ఒక మూల ఉండే ఇళ్లన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

ఆ ఇంట్లో మంచి ఇన్వర్టరే ఉంది, అయినా దీన్ని ఆపలేకపోయింది. కరెంటు ఉన్నంతసేపు మామూలు ఇన్వర్టరు బయటి కరెంటునే నేరుగా లోపలికి పంపుతుంది. చాలా వాటికి యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్చు ఉంటుంది. అందులో పెడితే వోల్టేజీ కొంచెం హద్దు దాటగానే బ్యాటరీకి మారుతుంది. నేను చూసిన ఇళ్లలో అది ఎప్పుడూ నార్మల్‌లోనే ఉంటుంది.

సర్జ్ ప్రొటెక్టరు (ఎస్పీడీ) పెట్టాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఎస్పీడీ పిడుగు పడ్డప్పుడు, లైను మీద ఒక్కసారిగా ఎగిరే కరెంటుకు పనికొస్తుంది. ఆ దెబ్బ సెకనులో పది లక్షలో వంతుల లెక్కలో ఉంటుంది. లోపలున్న వేరిస్టరు అనే చిన్న బిళ్ల దాన్ని పట్టి ఎర్త్‌కి తోసేస్తుంది. న్యూట్రల్ తెగి 320 వోల్టులు నిమిషాల తరబడి వస్తే ఆ చిన్న బిళ్ల వేడెక్కి చచ్చిపోతుంది. దానికి వేరే సామాను కావాలి, ఓవర్, అండర్ వోల్టేజీ కటాఫ్. 270 దాటినా, 170 కిందికి పడినా ఇంటిని విడదీసి, మళ్లీ సరిగ్గా వచ్చాక కాసేపు ఆగి కలుపుతుంది. ఫ్రిజ్ కంప్రెసరుకు కూడా ఆ ఆగడం మేలు. రెండూ కలిపినా మంచి బ్యాటరీ ధరలో చిన్న భాగమే.

ఎస్పీడీకి ఎర్త్ లేకపోతే అది డీబీలో (ఇంట్లో ఎంసీబీ స్విచ్చులుండే పెట్టెలో) బొమ్మగా ఉండిపోతుంది. వైర్లు కూడా పొట్టిగా, మొత్తం అర మీటరు దాటకుండా ఉండాలి. చుట్టలు చుట్టి అందంగా కట్టి పెడతారు, అలా చేస్తే సగం పని పోతుంది. దాని మీది చిన్న కిటికీలో పచ్చరంగు పోయి ఎరుపు వచ్చిందంటే మార్చేయాలి. ఇక ఎర్త్ గుంత! తీరం పక్కన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును ఉప్పునేల తినేస్తుంది, ఎండాకాలం గుంత ఎండిపోతుంది. వేసవిలో అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోయమని అమ్మకో, పక్కింటి వాళ్లకో చెప్పండి.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. అక్కడి సర్జ్ స్ట్రిప్పులు సూట్‌కేసులో పెట్టుకు రావద్దు. అక్కడ 120 వోల్టులు, మనకు 230. మన సాకెట్‌కు పెట్టే అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజీ మార్చదు. స్ట్రిప్పు లోపలి వేరిస్టరుకు మన మామూలు కరెంటే పెద్ద సర్జ్. అలాంటి ఒక స్ట్రిప్పు నల్లగా కాలి, కింద టేబుల్ గుడ్డ కూడా అంటుకున్న ఇల్లు చూశాను. పెద్ద పోర్టబుల్ పవర్ స్టేషన్లు తెస్తామనీ అడుగుతారు. 160 వాట్‌అవర్ దాటిన లిథియం బ్యాటరీని విమానంలో రానివ్వరు.

కువైట్, ఒమన్‌లలో 240 వోల్టులు, ప్రతి ప్లగ్గులో ఫ్యూజు, కాబట్టి అక్కడి మనవాళ్లు ఇంత ఆలోచించరు. 2024 జూన్‌లో ఎండ దెబ్బకు కువైట్‌లోనూ కొన్ని ప్రాంతాల్లో గంటో రెండు గంటలో కోత పెట్టారు. అద్దె ఫ్లాటులో వైరింగు ముట్టుకోలేరు. రౌటరుకు ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకుంటే చాలు, ఇంటికి వీడియో కాల్ ఆగదు. ఇక్కడి రౌటరుకూ అదే పెట్టించండి.

ఇప్పుడు బ్యాటరీ. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ అంటే కాగితం మీద 1800 వాట్‌అవర్లు. నష్టాలు పోను 1300 అనుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర. రెండు ఫ్యాన్లు మార్చితే అదే బ్యాటరీ రెట్టింపుకు పైగా సేపు నడుస్తుంది. ముందు ఫ్యాన్లు మార్చండి, తర్వాత రెండో బ్యాటరీ అడగండి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంటే లెక్క వేరు. ఐదు లీటర్లది 300 వాట్లు దాటి లాగుతుంది, తప్పకుండా సైన్‌వేవ్ (బయటి కరెంటు లాంటి అలనే ఇచ్చే) ఇన్వర్టరే కావాలి, పక్కన ఒక సిలిండర్ కూడా ఉండాలి. ఆ ఇంటి లెక్కలో నేను కక్కుర్తి పడనివ్వను.

ఇల్లు తాళం వేసి పోయేవాళ్లు బ్యాటరీని అలాగే వదిలేస్తారు. చార్జింగులో ఉంటే నీళ్లు ఇగిరి ప్లేట్లు ఎండుతాయి, ఆపేస్తే దానంతటదే దిగిపోయి పాడవుతుంది. ఎవరో ఒకరు రెండు మూడు నెలలకోసారి ఫ్లోట్లు చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లు వద్దు.

సోలార్ పెట్టాం, ఇంక ఇన్వర్టరు ఎందుకు అని ఒంగోలు నుంచి ఒకాయన అడిగారు. 2024లో ఇంటి మీద సోలార్‌కు కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ వచ్చాక 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, బిల్లు బాగా తగ్గుతుంది. కానీ మామూలు ఆన్‌గ్రిడ్ (బయటి లైనుకు కలిపిన) సోలారు కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. బ్యాకప్ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ వేరే పెట్టాలి.

తుఫాను రోజులు మాకు కొత్త కాదు. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. గాలి మొదలవ్వగానే మెయిన్ దించేయాలి. కరెంటు వచ్చిందని పక్కింటివాళ్లు చెప్పాక ఒక లైటు మాత్రం వేసి పది నిమిషాలు చూడాలి, స్థిరంగా ఉంటేనే ఫ్రిజ్, టీవీ. ఈ సంగతి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి డీబీ పక్కన అతికించి వస్తాను.

నాకు ఫోను చేసే ముందు ఇంట్లో వాళ్లతో మూడు ఫోటోలు తీయించండి: మీటరు బోర్డు, డీబీ, ఎర్త్ గుంత. డీబీ మూత విప్పొద్దని గట్టిగా చెప్పండి. ఎర్త్ గుంత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే అదే చెప్పండి, అక్కడి నుంచే పని మొదలుపెడతాను.