వలిసె చేను గట్టు మీద ఇరవై రూపాయలు

నవంబరు చివరి వారంలో అరకు వెళ్లొచ్చాం. నేను, మావారు, పదేళ్ల మా అమ్మాయి. అద్దాల బోగీలో టికెట్లు దొరకలేదు. మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన సీట్లు పట్టుకున్నాం. శివలింగపురం దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఇక అక్కడి నుంచి సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా అరుపులు. 1960ల్లో ఈ లైను వేసింది ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. కొండల్ని తొలిచి రాయి తీసుకుపోవడానికి పుట్టిన దారిలో ఇప్పుడు మనం పొగమంచు చూడ్డానికి వెళ్తున్నాం.

ఎక్కడికి వెళ్లినా ఖర్చు రాసుకోవడం నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. ఈసారి పుస్తకంలో ఇంకో గడి గీశాను. ఇచ్చిన ప్రతి రూపాయి ఎదురుగా, అది కొండ మీదే ఉంటుందా, కిందికి దిగిపోతుందా అని రాయాలనుకున్నాను. టూరిస్టులు వస్తే ఊరు బాగుపడుతుందని అందరం అంటాం కదా, నేనిచ్చే డబ్బుతో ఎవరు బాగుపడుతున్నారో తెలుసుకోవాలనిపించింది.

బొర్రా గుహలు చూసి బయటికొచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. రోడ్డు వారన బొంగులో చికెన్ అమ్ముతున్న ఒకావిడ దగ్గర ఆగాం. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి అడ్డాకులు దోపి, నిప్పుల మీద వాలుగా పెట్టింది. ఒక చుక్క నూనె లేదు. బొంగు పైన నల్లబడేదాకా తిప్పుతూనే ఉంది. ముప్పావు గంట పట్టింది. ఆకులో కుమ్మరించగానే వెదురు వాసన, మాంసం వాసన కలిసి వచ్చిన ఆవిరి ఇప్పటికీ గుర్తుంది.

"కోడి ఎక్కడిదమ్మా?" అనడిగాను.

"కింద ఎస్.కోట నుంచి వస్తదమ్మా. మా ఊళ్లో కోళ్లు ఇంతమందికి ఏం చాలతాయి! బొంగు మా ఆయన కొట్టుకొస్తాడు, ఆకు మా పిల్ల కోసుకొస్తది."

పుస్తకంలో ఆ లెక్క రెండుగా విడగొట్టాను. కోడి డబ్బు కొండ దిగింది. బొంగు, ఆకు, కట్టెలు, ఆమె ముప్పావు గంట కష్టం కొండ మీదే ఉన్నాయి. అదే కోడి పక్క ఊళ్లో ఎవరో పెంచి ఉంటే ఇంకో ఇంట్లోనూ పొయ్యి మీదికి ఏదో ఒకటి వచ్చేది. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం కావడమంటే ఇదే. చేతులు ఎన్ని మారితే ఆ డబ్బుకి అంత బలం.

బొర్రా పేరుకి ఇంకో చరిత్ర ఉంది. ఈ చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాన్నే సమత తీర్పు అంటారు. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రకారం ప్రకటించిన ప్రాంతంలో, సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. గనుల లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలోని గిరిజనుల కోసం పక్కన పెట్టాలని కూడా అంది. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం అంతకు ముందు నుంచే ఉంది. గుహలు చూసి వచ్చేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో! గని లాభంలో వాటా గురించి ఆలోచించినట్టే, టూరిజం లాభంలో వాటా గురించి కూడా ఆలోచించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ రాత్రి దిగిన చోట గది శుభ్రంగానే ఉంది. పొద్దున్న ఇడ్లీ తింటూ వడ్డించే కుర్రాణ్ణి మాటల్లో పెట్టాను. కూరగాయలు, పాలు విశాఖ నుంచి వ్యానులో వస్తాయట. కౌంటర్లో కూర్చునేవాళ్లు బయటివాళ్లు. గదులు ఊడ్చేది, దుప్పట్లు ఉతికేది ఇక్కడి పిల్లలు. సీజన్ నాలుగు నెలలే పని, ఎండాకాలం వస్తే మానిపించేస్తారట. "మరి అప్పుడేం చేస్తావు బాబూ?" అంటే, "కూలికి పోతానండీ" అన్నాడు. మా ట్రిప్పులో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఆ గది. దాని ఎదురుగా "దిగిపోయింది" అని రాస్తుంటే చెయ్యి ఆగింది, కుర్రాడి జీతం గుర్తొచ్చి.

తర్వాత వలిసె చేలు. ఎటు చూసినా పసుపు. రోడ్డు పక్కన కార్లు బారులు తీరాయి. చేను గట్టు మీద ఒక ముసలావిడ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వెళ్లి ఫోటో దిగాలంటే మనిషికి 20 రూపాయలు. మా ముందున్న కుటుంబం గొడవకి దిగింది. "పూలకి కూడా డబ్బులా? ఇదేం దోపిడీ?" అని గట్టిగా అంటున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. చేలోకి వేలు పెట్టి చూపించింది. నడుమ నుంచి పది అడుగుల మేర పూలు నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. ముందురోజు ఎవరో పడుకుని ఫోటోలు దిగారట.

వలిసె నూనె గింజ. ఆ పువ్వు గింజ కట్టాలి, గింజ ఎండాలి, అప్పుడే ఆవిడకి పంట. తొక్కిన పువ్వు ఇక గింజ కట్టదు. ఆ 20 రూపాయలు పోయిన పంటకి పరిహారం. మూడు ఇరవైలు ఇచ్చి గట్టు మీదే నిలబడి ఫోటో తీసుకున్నాం. "లోపలికి పోండమ్మా, డబ్బులిచ్చారు కదా" అంది ఆవిడ. మా అమ్మాయి వద్దంది.

నాకు అక్కడే మనసులో మండింది. గదికి అడిగినంతా నోరెత్తకుండా కట్టాం. బేరం మాత్రం గట్టు మీద ముసలావిడతో, బొంగు కాల్చే ఆవిడతో, జీపు తోలే అబ్బాయితో ఆడతాం. ఎవరి దగ్గరైతే మన డబ్బు ఆ కొండ మీదే ఉండిపోతుందో, కోతంతా వాళ్ల దగ్గరే పెడుతున్నాం.

సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలో ఆగాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద ఎర్రబడ్డ కాఫీ పళ్లు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ కాఫీ పండించేవాళ్లలో ఎక్కువమంది ఎకరం, రెండెకరాల గిరిజన రైతులు. తోటలో పని చేస్తున్న ఒకాయన పండు చిదిమి, జిగురు కారుతున్న రెండు గింజలు మా అమ్మాయి అరచేతిలో పెట్టాడు. నాలుక మీద వేసుకుని తియ్యగా ఉందంటూ ఆశ్చర్యపోయింది. నేను గిరిజన సహకార సంస్థ అమ్మే కాఫీ పొడి, పావు కేజీ మిరియాలు, ఒక కేజీ రాజ్మా కొన్నాను. టూరిజంలో నాకు బాగా నచ్చేది ఈ భాగమే. కాఫీ గదిలా కాదు. మేం కొండ దిగిపోయాక, నెలల తర్వాత కూడా, ఆ పొడి అయిపోయినప్పుడల్లా ఆ రైతుకి మా ఇంటి నుంచి డబ్బు చేరుతుంది.

తిరుగు రైల్లో మా అమ్మాయి నా పుస్తకం లాక్కుని ఆఖరి పేజీ తెరిచింది. వలిసె చేను అని రాసిన చోట "60" కొట్టేసి, పక్కన "100 ఇవ్వాల్సింది" అని రాసింది.