కుడికి వంచితే ఎడమకి తిరిగే పడవ

సంక్రాంతి సెలవులకి వైజాగ్ వెళ్తే, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కయాక్ చూపించాడు మా తోడల్లుడు. రుషికొండలో టికెట్ కొనుక్కుని పైన కూర్చునే ప్లాస్టిక్ పడవ లాంటిది కాదు, పదహారడుగుల పొడుగుంది, అందులోకి నడుం దాకా దూరి మోకాళ్లు రెండూ పైకప్పు కింద బిగించి కూర్చోవాలి. దాన్ని కారు మీద కట్టుకుని పొద్దున్నే భీమిలి చేరాం. గోస్తనీ సముద్రంలో కలిసే చోట అలలున్నా, కొంచెం లోపలికొస్తే నీళ్లు చెరువులా ఉంటాయి.

మొదటి గంటంతా తెడ్డుతోనే సరిపోయింది. "చేతులతో లాగకండి అన్నయ్యా, నడుం తిప్పండి" అని ఒడ్డు నుంచి ఒకటే అరుపులు. తెడ్డుని పాదాల దగ్గర పూర్తిగా ముంచి, నడుం తిప్పుతూ లాగి, తుంటి దగ్గరకి రాగానే పైకి తీసేయాలట. నేనేమో ఇంకా వెనక్కి లాగుతున్నాను, దాంతో పడవ ముక్కు పక్కకి పోతోంది, నా భుజాలు పోతున్నాయి.

అసలు కష్టం మలుపు దగ్గర వచ్చింది. సింహాచలం ఘాట్‌లో బండిని కుడికి వంచితే కుడికే తిరుగుతుంది కదా, ఇది ఎడమకి తిరుగుతుంది! వంచిన వైపు నీళ్లలో మునిగే అంచు విల్లులా వంపుగా ఉంటుంది, పైగా ముక్కూ తోకా నీళ్లని తక్కువ పట్టుకుంటాయి, అందుకని రెండో వైపుకి సులువుగా తిరిగిపోతుంది. కుడి తుంటి మీద బరువేసి, ఎడమ మోకాలితో పైకప్పుని ఎత్తిపట్టి, కుడి పక్కనే తెడ్డుతో ముందు నుంచి వెనక దాకా పెద్ద అర్ధచంద్రం గీయాలి. ఇంతా చేస్తూ ఒళ్లు మాత్రం నిటారుగా ఉంచాలి. నేను పడవతో పాటు తలని కూడా వంచాను. అంతే, బోల్తా. ముక్కులోకి ఉప్పునీళ్లు, కళ్లద్దాలు గోస్తనీకి దక్షిణ.

లైఫ్ జాకెట్ ఉంది, లోతు ఛాతీ దాకానే, కాబట్టి భయమేం లేదు గానీ పడవని ఇసుక దిబ్బ మీదకి లాగి, అందులో నిండిన నీళ్లు పారబోసేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. అంతసేపూ చూస్తున్న ఒక తాత, తెప్ప మీద ఒకే పక్క తెడ్డు వేస్తూ గీత గీసినట్టు మా ముందు నుంచే వెళ్లాడు. లాగిన ప్రతిసారీ చివర్లో తెడ్డుని కొంచెం మెలితిప్పి బయటకి నెడుతున్నాడు, దాంతో ముక్కు మళ్లీ దారిలోకొస్తోంది. "తలకాయ బరువు బాబూ, అదెటెళ్తే పడవటే" అన్నాడు ఆగకుండానే.

పది దాటాక కుడి పక్క నుంచి గాలి లేచింది. కయాక్ ముందుకు పోతుంటే ముక్కు గాలివైపుకే తిరిగిపోతుంది, ఎడమకి లాక్కోవాలి. ఆ గాలివైపుకే పడవని కాస్త వంచి, తల కదపకుండా, ఒడ్డు మీద ఒక తాటిచెట్టుని చూస్తూ తెడ్డు వేశాను. కళ్లద్దాలు లేవుగా, అది తాటిచెట్టు కాదు కరెంటు స్తంభం అని దగ్గరికెళ్లాక తెలిసింది.