కథ వినిపించే ముందు కాగితం పని

ట్రైలర్ వచ్చిన రోజున "అది నా కథ" అని లబోదిబోమంటే ఉపయోగం తక్కువ. మీ కథ ముందే రాసి ఉందా, అది ఆ సినిమా తీసినవాళ్ల చేతికి చేరిందా, రెండు కథలూ ఎంత మేర కలిశాయి? కోర్టులో నిలబడేవి ఇవే.

ఉత్త లైన్‌కి, అంటే ఒక్క ముక్కలో చెప్పే కథ ఆలోచనకి, హక్కు లేదు. 1978లో నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. ఆయన నాటకం 'హమ్ హిందుస్తానీ'లో పంజాబీ, మద్రాసీ కుటుంబాల పిల్లలు ప్రేమించుకుంటారు. 'న్యూ ఢిల్లీ' సినిమాలోనూ అంతే. కానీ సినిమాలో ప్రాంతం చూసి ఇల్లు అద్దెకివ్వకపోవడం, కట్నం బాధ కూడా ఉన్నాయి, నడక వేరు. నాటక రచయిత ఓడిపోయాడు. అందుకే రెండు పేజీల సినాప్సిస్ (కథా సారాంశం) చాలదు. సీన్ల వరుస, మలుపులు, డైలాగులతో సహా రాసి పెట్టుకోండి.

రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించండి. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. ఆ సర్టిఫికెట్ ఉంటే, కాదని రుజువు చేసుకునే భారం అవతలివాళ్ల మీద పడుతుంది. నెరేషన్ ఇచ్చిన రాత్రే "ఈరోజు మీకు వినిపించిన కథ" అంటూ పీడీఎఫ్ మెయిల్ చేయండి. చాలామంది మొహమాటపడి వదిలేసేది ఈ ఒక్క మెయిలే. వాళ్ల చేతికి చేరిందనడానికి ఇంతకంటే తేలికైన సాక్ష్యం దొరకదు.

అసలు దెబ్బ తగిలేది అగ్రిమెంట్‌లో. అడ్వాన్స్ చెక్కు చూసిన సంతోషంలో "సర్వ హక్కులూ శాశ్వతంగా" అన్న లైన్ కింద సంతకం పెట్టేస్తారు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయిత పక్షాన చాలా చెబుతుంది: గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. కొన్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే అది రద్దయినట్టే. కానీ అగ్రిమెంట్‌లో వేరేగా రాస్తే ఇవేవీ అక్కరకు రావు. కాబట్టి రీమేక్, డబ్బింగ్, ఓటీటీ, సీక్వెల్ దేనికది విడిగా, ఎన్నేళ్లకో అంకెల్లో రాయించండి.

జీతానికి కథా చర్చల్లో కూర్చునేవాళ్లది మరీ కష్టం. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారు సంస్థే. అయితే హక్కులు అమ్ముకున్నా, రచయితను నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. టైటిల్ కార్డులో 'కథ' అని పడాలా, 'కథా సహకారం' అనా అన్నది అగ్రిమెంట్‌లోనే అక్షరాలా రాయించుకోండి. ఘోస్ట్‌గా, అంటే తమ పేరు లేకుండా ఇంకొకరి కోసం, రాసేవాళ్లయితే ప్రతి డ్రాఫ్టూ తేదీతో సొంత మెయిల్‌కి పంపి దాచుకోవాలి.