రెండు నిమిషాల విమానం

పదకొండు దాటింది. నిద్ర పట్టడం లేదు. "పది నిమిషాల దారికి ఇంతసేపా?" అన్న చిన్నక్క మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పొద్దున తొమ్మిదిన్నరకే సఖినేటిపల్లి రేవులో ఉన్నాను. గోదారి దాటించే పంటు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. అది అవతల బళ్ళు దింపాలి, మళ్ళీ ఎక్కించుకోవాలి, ఇటొచ్చాక ఇక్కడివి నిండాలి. ఎదురుగా నర్సాపురం కనిపిస్తూనే ఉంటుంది, చిరాకంతా అందుకే. మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు చుట్టి వెళ్దామంటే ఇంకా ఆలస్యం. నేను వెళ్ళేసరికి పాపను ఉయ్యాల్లో వేసేశారు. నిద్రలో నవ్వింది. అదొక్కటే చూశాను.

భోజనాల దగ్గర బుజ్జిగాడు ఫోన్ చూపించాడు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు దీవులు. విమానంలో దూరం 2.7 కిలోమీటర్లు, ప్రయాణం 2 నిమిషాలు. గాలి కలిసొచ్చిన రోజు 53 సెకన్లలోనే చేరిపోయిందట. 1967 నుంచి తిరుగుతోంది. "చూడు పిన్నీ, మన గోదారి కంటే ఎక్కువ దూరం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రెండు నిమిషాలంటే చక్రాలు నేల వదిలాక లెక్క. ఇంట్లోంచి బయల్దేరడం, విమానం వేళ దాకా కూర్చోవడం, గాలి ఎదురు తిరిగితే ఆగిపోవడం, ఇవన్నీ ఎవరి లెక్కలోకి వస్తాయి? ఆ విమానంలో టీచర్లు, డాక్టర్లు వెళ్తుంటారట. వాళ్ళనడిగితే రెండు నిమిషాలంటారా?

ఇంటికొచ్చాక అమ్మ గుర్తొచ్చింది. అల్లిన లేసు పాత చీరలో మూటగట్టి నర్సాపురం తీసుకెళ్ళేది. అది ఇచ్చేసి కొత్త దారం తెచ్చుకోవాలి. నేనూ వస్తానని ఏడిస్తే "ఎంతసేపే, పది నిమిషాలు" అనేది. చీకటి పడేదాకా వచ్చేది కాదు. రేవులో కూర్చుని అవతలి దీపాలు చూసేదాన్ని. పంటు మీద దీపం కదిలితే లేచి నిలబడేదాన్ని. ఒక్కోసారి అందులో అమ్మ ఉండేది కాదు. మళ్ళీ కూర్చునేదాన్ని. లేసులో ముడి తప్పిందని డబ్బు తగ్గించిన రోజు కూడా మూట దించి "పది నిమిషాల్లో వచ్చేశాగా" అంది.

అమ్మ కూడా నీళ్ళ మీది సేపే చెప్పింది. అబద్ధమని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. అలాంటప్పుడు ఆ రెండు నిమిషాల మీద అంత కోపం ఎందుకొచ్చింది నాకు? పాపా వెస్ట్రేలో కూడా ఏ తల్లో పిల్లతో అలాగే చెప్పి విమానం ఎక్కుతుందేమో.

చిన్నక్క మీద మాత్రం తగ్గలేదు. ఆ రేవులో నా పక్కన కూర్చుని ఎదురుచూసింది తనే.

క్యారేజీ అక్కడే మర్చిపోయాను. రేపు ఏడింటి పంటుకి వెళ్ళాలి.