వెండి గోడ మీద వేలిముద్రలు

ఈ రోజు చెప్పుకోదగ్గ పనులేవీ లేవు. మధ్యాహ్నం గాజు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని, తాగబోయే ముందు పైనుంచి నీటిలోకి చూస్తే, గ్లాసును చుట్టి ఉన్న నా వేళ్లు కనబడలేదు. అవి ఉండవలసిన చోట గాజు గోడ వెండి రేకులా మెరుస్తోంది. వేళ్లను కాస్త తడిపి గట్టిగా నొక్కగానే, ఆ వెండి మీద వేలిముద్రల గీతలు మాత్రమే స్పష్టంగా తేలాయి. గీతల మధ్య సందులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. దాహం మరిచిపోయి ఎంతోసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

ఆ వెండి మెరుపుకు కారణం సంపూర్ణాంతర పరావర్తనం, అంటే నీటిలోంచో గాజులోంచో గాలిలోకి పోవలసిన కాంతి బాగా ఏటవాలుగా తగిలినప్పుడు మొత్తం లోపలికే తిరిగి రావడం. దాని గురించి చదువుకున్న రోజుల్లో, సందిగ్ధ కోణం, అంటే అలా తిరిగి రావడం మొదలయ్యే హద్దు కోణం, దగ్గర కాంతి ఉన్నట్టుండి వెనుదిరుగుతుందని అనుకునేవాణ్ణి. నిజానికి లోపలి నుంచి నీటి ఉపరితలానికి లంబంగా వచ్చిన కాంతిలో కూడా దాదాపు 2 శాతం లోపలికే తిరిగి వస్తుంది; పతన కోణం (ఆ లంబంతో కాంతి చేసే కోణం) పెరిగి 48.6 డిగ్రీలను సమీపించే కొద్దీ ఆ వాటా వేగంగా పెరుగుతుంది, ఆ కోణం వద్ద వక్రీభవన కిరణం, అంటే వంగి బయటికి పోయే కిరణం, ఉపరితలాన్ని ఒరుసుకుంటూ పోతుంది. అది దాటాక, కాంతి ఎంత వంగుతుందో లెక్కగట్టే స్నెల్ నియమం ప్రకారం బయటి కోణపు సైన్ విలువ 1 కంటే ఎక్కువ కావాలి, అలాంటి కోణమే లేదు కనుక కాంతి మొత్తం వెనక్కి రావలసిందే. వక్రీభవన గుణకం (కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే సంఖ్య) 2.42 ఉన్న వజ్రానికి ఈ హద్దు 24.4 డిగ్రీలే.

అయితే 'సంపూర్ణ' అన్న మాటను నా వేళ్లు ఈ రోజు కొత్తగా అర్థం చేయించాయి. పరావర్తనం చెందే కాంతి తాలూకు తరంగం సరిహద్దును దాటి, సుమారు ఒక తరంగదైర్ఘ్యం మేర, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ దూరం, గాలిలోకి పాకి క్షీణిస్తుంది. అక్కడ గాలి తప్ప మరేమీ లేనంత వరకు నష్టం ఉండదు. చర్మపు గీతలు ఆ దూరంలోకి వచ్చి కాంతిని అందుకుంటాయి, సందులు అందుకోలేవు.

కాంతిని మోసుకెళ్లే సన్నని గాజు తీగ అయిన ఆప్టికల్ ఫైబర్‌లో, కాంతి నడిచే నడిమి భాగమైన కోర్ చుట్టూ గుణకం కాస్త తక్కువగా ఉన్న మరో గాజు పొర ఎందుకో నాకు ఇప్పుడే మనసుకు పట్టింది. ఆ పొర లేకపోతే దుమ్ము, తడి, తాకిన ప్రతి వస్తువూ కాంతిని కొంచెం కొంచెంగా లాగేసుకునేవి.

సాయంత్రం వేలికి బదులు కాగితం ముక్కను గ్లాసుకు అదిమి చూశాను. పొడి కాగితం ఆనవాలే లేదు, దాన్ని తడిపి అంటించగానే ఆ మేరకు వెండి చెరిగిపోయి కాగితం తెల్లగా కనిపించింది.