మొప్పలెత్తి చూడాలి

సంక్రాంతికి ఊరొచ్చాను. నరసాపురం దగ్గర మా ఊళ్ళో, అరుగు మీద సూట్‌కేసు తెరిచేసరికి చాక్లెట్ల కోసం పిల్లలు, వాళ్ళ వెనకాలే పిన్ని, పక్కింటి అత్తయ్యగారు చేరారు. ప్రయాణంలో చలికని వేసుకొచ్చి, హైదరాబాద్‌లో దిగగానే సూట్‌కేసులో కుక్కిన ఉన్ని కోటు పైనే ఉంది. అమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇదేంటే, కలరా ఉండల వాసనేస్తోంది? ఎవరిది?"

"నాదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇలాంటివి అమ్ముతున్నాను కూడా."

"పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాడు వస్తాడు చూడు, ఆ పని చేయడానికా అంత దూరం వెళ్ళింది?"

పిన్ని కిసుక్కున నవ్వింది. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ పనే చేస్తున్నాను. గిన్నెలివ్వను, అంతే తేడా.

మేముండేది ఇంగ్లండ్‌లో, లీసెస్టర్‌లో. మా ఆయన వర్క్ వీసా మీద నేను డిపెండెంట్‌ని. వారానికి నాలుగు రాత్రులు గోడౌన్‌లో షిఫ్టు. జనం ఆన్‌లైన్‌లో కొని, నచ్చక తిప్పి పంపిన బట్టలు విప్పి, చూసి, మడిచి, మళ్ళీ కవర్లో పెట్టాలి. గంటకి ఇన్నని టార్గెట్. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చినా స్కానర్‌కి తెలిసిపోతుంది. కొత్త బట్టంటే విరక్తి పుట్టడానికి అదొక్కటి చాలు. తెల్లారేసరికి పట్టుకున్న ప్రతి చొక్కా ముందుదానిలాగే ఉంటుంది.

ఆ విరక్తిలోనే ఒక ఆదివారం కార్ బూట్ సేల్‌కి వెళ్ళాను. పొలంలో కార్లు వరసగా పెట్టి, డిక్కీలు ఎత్తి, ఇంట్లో అక్కర్లేని సామాను అమ్ముకునే సంత అది. ఏప్రిల్లో మొదలవుతుంది. ఏప్రిల్ అంటే మన ఏప్రిల్ కాదు, నోట్లోంచి పొగలొచ్చే ఏప్రిల్. పొద్దున ఆరింటికే వెళ్ళి, ఫోన్ టార్చి పట్టుకుని అట్టపెట్టెల్లో చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. చూపు కంటే ముందు చేతికే తెలుస్తుంది. పాలిస్టర్, పాలిస్టర్, పాలిస్టర్, అడుగున ఎక్కడో ఉన్ని. ఆ గరుకు తగలగానే గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది చూడండి, దానికోసమే వెళ్తాను. డబ్బులు తర్వాత సంగతి.

చిన్నప్పుడు చేపల మార్కెట్లో అమ్మ నేర్పింది: "పైన నీళ్ళు చల్లి మెరిపిస్తారు, మొప్పలెత్తి చూడు." కోటుకీ అంతే. లోపలికి తిప్పి కుట్టు చూడాలి. గౌను జిప్ ఇత్తడిదో, ఇంకో లోహానిదో అయితే 1960లదో అంతకుముందుదో అయ్యే అవకాశం ఎక్కువ. మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ళు తమ బట్టల మీద 'సెయింట్ మైకేల్' అని వేసుకునేవాళ్ళు, 1928 నుంచి 2000 దాకా. ఆ పేరుంటే చాలావరకు పాతికేళ్ళు దాటినదని లెక్క. సైజు నంబరుని మాత్రం నమ్మకూడదు. పాత 14 ఇప్పటి 10 వాళ్ళకి సరిపోతుంది. టేపు పెట్టి కొలిచి రాయకపోతే సరుకు తిరిగొస్తుంది. నాకు రెండుసార్లు వచ్చింది.

అన్నిటికంటే అపురూపంగా దొరికింది ఒక నీలం గౌను. మెడ దగ్గర చిన్న గుర్తు, రెండు 'సి' అక్షరాలు, పక్కన 41. యుద్ధకాలంలో బట్టలకి రేషన్ పెట్టిన 1941లో మొదలైంది ఆ గుర్తు, 1952 వరకు నడిచింది. బొత్తాలెన్ని, మడతలెన్ని, జేబులెన్ని అని కూడా అప్పట్లో ప్రభుత్వమే లెక్క కట్టింది. ఆ గౌనుకి ఒక్క కుచ్చు కూడా ఎక్కువ లేదు. పురుగు కొట్టిన చిల్లులు ఏడు. చిల్లులతో సహా కొనుక్కున్నారు.

ఒక పెద్దావిడ దగ్గర మగవాళ్ళ హారిస్ ట్వీడ్ ఉన్ని కోటు దొరికింది. లోపలి లేబుల్ మీద గోళం, దాని నెత్తిన శిలువ. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో, నేతగాళ్ళు తమ ఇళ్ళ దగ్గర నేసిన గుడ్డకే ఆ పేరు పెట్టాలని 1993లో ఏకంగా చట్టం చేశారు. ఐదు పౌండ్లంది. నా అలవాటు కొద్దీ నాలుగన్నాను. సరేనని, ఇచ్చేముందు కాలరు మీద చేత్తో ఒకసారి దులిపింది. 45కి అమ్మాను. ఆవిడ చెయ్యి కాలరు మీదున్న ఆ క్షణం తలుచుకుంటే మాత్రం, నేను తగ్గించిన ఆ పౌండు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అమ్మడం కూడా సరదాగానే ఉంటుంది. కిటికీ దగ్గర తలుపుకి తగిలించి ఫోటోలు తీస్తాను, మరక ఉంటే మరకకి వేరే ఫోటో. వాడిన బట్టలు అమ్ముకునే వింటెడ్ అనే యాప్‌లో పెడతాను. ఏడాదికి వెయ్యి పౌండ్ల వరకు వచ్చే ఇలాంటి అమ్మకాలకి పన్ను బాధ లేదు, దాటితే చెప్పుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లలు నన్ను చూసి మొదలెడతామంటారు. వద్దని చెప్తాను, ఆ వీసాకి సొంత వ్యాపారం కుదరదు. ఉన్ని స్వెట్టర్లు వచ్చాక పురుగు చావడానికి కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో పెడతానని చెప్పేసరికి పక్కింటి అత్తయ్యగారు "కోడిమాంసం పక్కనేనా, అమ్మాయ్?" అని నోరు నొక్కుకున్నారు. మొదట్లో ఒక మంచి కార్డిగన్‌ని వేడినీళ్ళతో మెషిన్‌లో వేసి బొమ్మకి తొడిగేంత చేసిన సంగతి మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

సూట్‌కేసు అడుగునుంచి పేపర్లో చుట్టిన క్రోషా టేబుల్ గుడ్డ తీసి అమ్మ ఒళ్ళో పెట్టాను. రెండు పౌండ్లకి కొన్నాను. అమ్మినాయన ఐరిష్‌దన్నాడు, లేబుల్ లేదు. లేసు నేసే మెషిన్లకి పేరుపొందిన నాటింగ్‌హామ్ మాకు పక్క ఊరే. కానీ అసలు క్రోషాని ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో మెషిన్ల మీద అల్లరు. ఎంత చవగ్గా దొరికినా, అది ఎవరో ఒకరు సూది పట్టి అల్లిందే.

అమ్మ దాన్ని వెనక్కి తిప్పింది. తనూ మొప్పలే చూస్తుంది. పెళ్ళికి ముందునుంచీ ఏజెంటు ఇచ్చిన దారంతో లేసు అల్లిన చేతులవి. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఇక్కడివాళ్ళకి నేర్పారని చెప్తారు. ఒకింట్లో పువ్వులు, ఇంకో ఇంట్లో అతుకుపని, తర్వాత ఓడెక్కి ఎక్కడికో పోయేది. 2024లో నరసాపురం లేసుకి, ఫలానా చోటి సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చిందని ఫోన్లో చెప్తే అమ్మ అడిగింది ఒక్కటే: "రేటు వచ్చిందా?"

"మనదేనా అమ్మా?"

"కాదు. మన అతుకు ఇలా ఉండదు." వేలితో ఒక ముడి తడిమింది. "ఇదిగో, ఇక్కడ రెండు కుట్లు ఎగ్గొట్టింది. పొయ్యి మీద ఏదో మాడుంటుంది."

మూడు పువ్వులు ఊడిపోయి ఉన్నాయి. బాగుచేస్తే ఎంతొస్తుందని అడిగింది. పాతిక పౌండ్లన్నాను. పిన్ని వేళ్ళ మీద లెక్కేసి, "రెండున్నర వేల పైమాటే అక్కా" అంది. కొత్త దారం తెల్లగా తేడా కొడుతుందేమోనని, టీ డికాషన్‌లో ముంచితే రంగు కలుస్తుందని నేను చెప్పబోతే, "నాకు చెప్తావా?" అన్నట్టు చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"రేపు నరసాపురం వెళ్తే ఇరవయ్యో నంబరు దారం పట్రా. కూలెంతిస్తావో ఇప్పుడే చెప్పు. పనయ్యాక మాట మార్చిన ఏజెంట్లని చాలామందిని చూశాను."